కాణిపాకంలో చెప్పని సగం

పలమనేరులో మంచు ఇంకా విడవలేదు. శకుంతలమ్మ పాలు పితికి, క్యాన్లు నింపి అరుగు మీద పెట్టింది. ఇప్పుడు వాటిని చిత్తూరుకు ఎవరిదో లారీ తీసుకుపోతోంది. నెల కిందటి వరకు కొడుకు తులసీరాం సొంత వ్యానులో తోలుకుపోయేవాడు. మొగిలి ఘాటులో స్టీరింగు రాడ్డు విరిగి వ్యాను లోయలో పడింది. తులసీరాం అక్కడికక్కడే పోయాడు. రాడ్డు విరిగిన చోట పాత వెల్డింగు అతుకు బయటపడింది.

ఆ పాత వ్యానును వాళ్లకు అమ్మినవాడు శకుంతలమ్మ తమ్ముడు మునిరత్నమే. కర్మక్రియల నాడు కూడా ఆమె భర్త దొరస్వామి అతణ్ణి ఇంట్లోకి రానివ్వలేదు. ఈ ఉదయం అతడు మళ్లీ వచ్చాడు.

"ఆడే నిలబడు," అన్నాడు దొరస్వామి. "తడిగుడ్డలతో దేవుని ముందర ఏం చెప్పినావో ఇంగోసారి చెప్పు."

ఆ ప్రాంతంలో తగాదాలు కోర్టుకంటే ముందు కాణిపాకం చేరుతాయి. వినాయకుడి ఎదుట ప్రమాణం చేసిన మాటకు తిరుగులేదని నమ్మకం. వ్యాను బేరంలో జరిగిన తనిఖీ కూడా మునిరత్నం అక్కడ చేసిన ప్రమాణం ఒక్కటే.

"నా చేతిలో ఉన్నన్నాళ్లూ బండి యాడా పడలేదన్నాను బావా. అది నిజమే."

"అంతకుముందు?"

మునిరత్నం తల దించుకున్నాడు. "నువ్వు అడగలేదు."

"అడగలేదా! సంతలో గొడ్డునమ్మేవాడు కూడా కుంటిదైతే కుంటిదని చెప్తాడు కదరా! సొంత మేనల్లుడు ఎక్కే బండి అది!"

"కావాలంటే మళ్లా ప్రమాణం..."

"ఇంగ ప్రమాణాలొద్దురా!" శకుంతలమ్మ అరిచింది. "నా మొగం సూసి చెప్పు. అతుకుండేది నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసక్కా. గట్టిగానే వేసినారనుకున్నా. చెప్తే బేరం చెడుతుందని..."

దొరస్వామి చెయ్యెత్తాడు. శకుంతలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వాణ్ణి తర్వాత కొడుదువు. 'మెకానిక్కుకు సూపిస్తా నాయనా' అని పిల్లోడు అడిగితే నువ్వేమన్నావు?"

దొరస్వామి చెయ్యి విడిపించుకుని వెనక్కి జరిగాడు.

"ప్రమాణం అయినంక మెకానిక్కేంది, దేవునిమీదనే అనుమానమా అన్నావు. వాడు నవ్వి ఊరుకున్నాడు."

దొరస్వామి ఆ మాట మరచిపోలేదు. బావమరిదిమీద కోపాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే ఆ మాట తనకు అంత దూరంగా ఉంటుందని, నెలరోజులుగా అలాగే పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు అరుగుమీద కూలబడ్డాడు.

"సూపించనియ్యలేదు," అన్నాడు. "నేనే సూపించనియ్యలేదు."

మునిరత్నం వచ్చి అతని కాళ్లు పట్టుకున్నాడు. ఈసారి బావ పొమ్మనలేదు. అతని తలమీద చెయ్యి వేసి పెద్దగా ఏడ్చాడు.

నిజం తేలితే గుండె బరువు కొంతైనా దిగుతుందని శకుంతలమ్మ ఇన్నాళ్లూ అనుకుంది. అది దిగలేదు. నిన్నటివరకు తిట్టుకోవడానికైనా ఒకడుండేవాడు. ఇప్పుడు ఎదుట ఏడుస్తున్న ఇద్దరూ తనవాళ్లే. వాళ్లిద్దరిలో ఎవరు ఏమి ఒప్పుకున్నా ఘాటు ఎక్కి రావలసినవాడు రాడు.

"తులసీ..." అని ఒక్కసారి పిలిచి, ఆమె వాళ్లమధ్య నేలమీద కూర్చుండిపోయింది.