గిఫ్ట్ చెక్కు ఇచ్చిన చెయ్యి

“గా చెక్కు నా బిడ్డ చేతుల మీదికెల్లి పోతే, దాని బతుకు జైలుపాలే గద సార్?”

కోస్గి బస్టాండు వెనుక కిరాయి గదిలో అజీజా బేగం మాటకు సీఐడీ డీఎస్పీ పరమేశ్వర్ టీ గ్లాసు పక్కన పెట్టాడు.

“చట్టం గట్లనే ఉందమ్మా. దొంగ చెక్కని తెలిసి, అసలుదని ఎవరిస్తే వాళ్ళదే నేరం. సెక్షన్ నాలుగు వందల డెబ్బై ఒకటి. హనీఫా మన ఏజెంటని కోర్టుల చెప్పరాదు. విక్టర్ తన చేత్తోనే ఇయ్యాలె.”

అజీజా కూడా డిపార్ట్‌మెంటు మనిషే. కానీ ముందు తల్లి. కూతురు హనీఫా ‘రోమా’ పేరుతో విక్టర్‌కు సెక్రటరీగా చేరింది. పెళ్ళిళ్ళ కాలంలో నకిలీ బ్యాంకు గిఫ్ట్ చెక్కులు కుమ్మరించి, జనానికి బ్యాంకుల మీద నమ్మకం పోగొట్టాలని విక్టర్ నడిపే పరదేశీ ముఠా ప్లాను. ‘మొదటి చెక్కు నేతగాడు గండయ్య బిడ్డ పెళ్ళిలో. అది చెల్లితే మిగతా చెక్కుల లారీ కదులుతుంది’ అన్నదే హనీఫా ఆఖరి కబురు. రంజాన్ పోయింది, బక్రీదూ పోయింది. మళ్ళీ మాట లేదు. ముఠాలో కలిసిపోయిందని ఆఫీసులో గుసగుసలు. ఇంట్లో అజీజా మాత్రం రోజూ రెండు పళ్ళేలు కడిగి, ఒకటి వాడకుండానే బోర్లించేది.

పట్టపగలు, మగ్గాల వాడలో పెళ్ళి పందిరి. అజీజా గాజులామె వేషంలో కూర్చుంది. గాజుల పెట్టె మూతలో కెమెరా. బట్టల ఎక్స్‌పోర్టరునని చెప్పుకునే విక్టర్ వచ్చాడు. పక్కనే నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, సినిమా తారలాంటి రోమా.

“బోడి చేతులతోని పెండ్లికొచ్చిందేంది దొరసాని!” పెళ్ళికూతురి తల్లి శారదమ్మ నవ్వింది. “గాజులామె, జర ఎక్కియ్యి.”

అజీజా సబ్బునీళ్ళతో ఆ కుడిచెయ్యి తడిపింది. ఎన్ని నెలలకు దొరికిన చెయ్యి!

“తిన్నవా?” గాజు ఎక్కిస్తూ అడిగింది.

ఇంకా మెల్లగా, “నువ్వెవరి దిక్కు బిడ్డా?”

నల్లద్దాలు కదలలేదు.

చదివింపుల మైకు పిలిచింది. “విక్టర్ దొర కట్నం!”

“రోమా, చెక్కు ఇవ్వు.” విక్టర్ కవరు చాచాడు.

అజీజా చెయ్యి విడవలేదు. హనీఫా లాక్కోనూ లేదు.

శారదమ్మ అడ్డం పడింది. “సగం గాజులతోని లేస్తరా? పెండ్లింట్ల అరిష్టం! ఎడమ చేత్తోని కట్నమియ్యరు. దొరా, నీ చేతులకు గోరింటాకు పెట్టుకున్నవా? నువ్వే ఇయ్యరాదు!”

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. విక్టర్ ముఖం ఎర్రబడింది. తనే వెళ్ళి, కవరులోంచి చెక్కు తీసి గండయ్య చేతిలో పెట్టాడు. “ఒరిజినల్ బ్యాంక్ చెక్.”

గాజుల పెట్టె మూతలోంచి క్లిక్!

ఆ చప్పుడు విక్టర్ విన్నాడు. చెక్కు లాక్కున్నాడు. లైటర్ వెలిగింది. చెక్కు కాలితే కేసే కాలిపోతుంది. బ్యాండు మేళం వేషంలోని పోలీసులు ఇంకా పందిరి ఆ చివరనే ఉన్నారు. అయిపోయింది, అంతా అయిపోయిందనుకుంది అజీజా.

సబ్బునీళ్ళ గిన్నె గాలిలో లేచింది. లైటర్ చుస్సుమంది. విసిరింది హనీఫా. విక్టర్ తేరుకునేలోపే సన్నాయి పట్టుకున్న చేతులు బేడీలు తగిలించాయి.

జీపులు వెళ్ళిపోయాయి. పెళ్ళివారు బంతికి లేచారు. ఖాళీ కుర్చీల మధ్య తల్లీకూతుళ్ళే మిగిలారు. అజీజా ఆ చెయ్యిని మళ్ళీ పట్టుకుంది.

“అడిగినదానికి జవాబియ్యకపోతివి.”

హనీఫా కళ్ళద్దాలు తీసింది.

“నీ దిక్కే అమ్మీ,” అంది. “గని నా గాజుల సైజు మర్చిపోయినవ్. చెయ్యంత పిండుతాంది.”