ఎనభై పాళ్ల దగ్గర

బూడిదమబ్బు కమ్మిన కాలంలో నాలుగు ఊపిరిపెట్టెలను ఒంటిచేత్తో ఆడించినవాణ్ణి నేను. నమ్మకపోతే మానెయ్యండి, వినడం మాత్రం వినండి.

ఆ మధ్యాహ్నం తవిటమ్మ ఎప్పటిలాగే ఎండపలకల మీది బూడిద తుడిచి, కొలముల్లు చూసింది. ఇంక గంటే ఎండ. ఊరికి నింపుడుగూడు ఒక్కటి, దాన్ని చూసుకునేది ఆమే. బల్ల మీద ఊపిరిపెట్టెలను ఆడించే సెల్లులు మూడు, ఖాళీవి, వరసలో ఉన్నాయి. గూట్లో ఉన్న నాలుగోది ఆమె పెనిమిటి గౌరేసుది. మబ్బు మధ్యాహ్నానికి గానీ విడవలేదు; పొద్దున్నే ముందొచ్చి పెట్టుకున్నదే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

గూడు ఖాళీ సెల్లులోకి కరెంటును దబదబా తోస్తుంది. ఇరవై నిమిషాల్లో నూటికి ఎనభై పాళ్లు నింపేస్తుంది. ఆపైన చుక్కచుక్కగా పోస్తుంది. మిగిలిన ఇరవై పాళ్లకు నలభై నిమిషాలు. నిండందే తలుపు వదలదు. అరకొర సెల్లుల కోసం కొట్లాటలయ్యాక పెట్టిన కట్టుబాటు అది. గౌరేసుది అప్పటికి ఎనభైకి చేరింది.

వరసలో మొదటి సెల్లు అసిరమ్మది. ఆమె మనవరాలి పెట్టె, లోపల మిగిలిన కాస్త కరెంటూ అయిపోతోందని ఇంట్లో కూత పెడుతోందట. ఆమె ఏడవలేదు.

"మా గుంటకి తెల్లారితే సాలు, తవిటమ్మా. నిండా అడగను."

"నా సేతిలో ఏటుందత్తా? గూడు ఒగ్గదు."

రాత్రంతా పెట్టె ఆడటానికి మంచి సెల్లుకు ఎనభై చాలు. గౌరేసుది తొమ్మిదేళ్లు అరిగింది. నిండితేనే తెల్లవారుదాకా బొటాబొటి. ఆ సంగతి తవిటమ్మకు తెలుసు.

కాసేపు ముల్లునే చూసి, నన్ను టీ తెమ్మంది. "సల్లార్చి తెత్తావు నువ్వు. పొగలు రావాల, తాతా," అని దెప్పింది కూడా. తీరా తెస్తే తాగలేదు. గూడు వెనక వేడి కనిపెట్టే పూస ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని గ్లాసులో ముంచింది. సెల్లు కాలిపోతోందనుకుని గూడు బెదిరి, కరెంటు ఆపి, తలుపు వదిలేసింది.

గౌరేసు సెల్లును కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. పూస చల్లారాక అసిరమ్మ సెల్లు లోపలికి పోయింది. ఇరవై నిమిషాలకో గ్లాసు. ఎండ వాలేసరికి నాలుగూ ఎనభై దగ్గరున్నాయి. వారం తిరక్కుండా చుట్టుపక్కల గూళ్లన్నిటి ముందూ టీ గిన్నెలు వెలిశాయి. కట్టుబాటు అక్కడితో సరి.

ఒంటిచేత్తో అన్నాను కదా, ఆ చెయ్యి నాది కాదు లెండి. నేను కాచింది టీ. అదీ మొదటి గ్లాసులో చక్కెర మరిచాను.

తక్కినదంతా జరిగినట్టే చెప్పాను. కల్పించింది ఒక్కటే: తెల్లారేసరికి ఆడుతున్న పెట్టెలు నాలుగు కాదు, మూడు.