వెనక్కి పిలిచిన గొంతు

మార్చి నెల, మధ్యాహ్నం. జపాన్‌లో సన్‌రికు తీరమంతా సముద్రపు నాచు ఉడకబెట్టే కాలం. రేవులోని తమ షెడ్డులో కిసబురో, అతని భార్య యాయెనో పొయ్యి దగ్గరున్నారు. ఉప్పు ఆవిరి, పొగ వాసన. ఈసారి నాచు ముదరబెట్టావని ఆవిడ పొద్దుట్నించీ సాధిస్తూనే ఉంది. ఇతను విననట్టే ఉన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో అబ్బిన విద్య మరి.

అప్పుడు భూమి కదిలింది. కదిలి ఊరుకోలేదు, మనిషిని నిలబడనివ్వకుండా ఊపేసింది. ఎక్కడో సముద్రం అడుగున నేల విరిగి పైకి తన్నిందని ఇద్దరికీ తెలిసిపోయింది. అడుగు లేస్తే పైనున్న నీళ్లన్నీ లేస్తాయి. నడిసముద్రంలో ఆ అల మోకాలెత్తు కూడా ఉండదు, ఒడ్డుకొచ్చేసరికి మేడంత అవుతుంది. అందుకే ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. మగవాడు పడవని లోతుకి తోలుకుపోవాలి, ఆడమనిషి కొండెక్కాలి. ఒకరికోసం ఒకరు వెనక్కి రాకూడదు.

"నేను పిలిచినా దిగకే," అన్నాడు.

"నేను పిలిచినా రాకయ్యా," అంది.

లోతులో పడవని ఏదో మెల్లగా ఎత్తి దింపింది. అంతే. అది ఊరివైపే పోతోందని కిసబురోకి తెలుసు. మంచు పడసాగింది. ఒడ్డు కనబడటంలేదు. ఆమె కొండెక్కిందో లేదో...

మసకవేళకి పడవలోని వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది.

"ఏమయ్యా... తగ్గిపోయింది. వచ్చెయ్."

యాయెనో గొంతే. ప్రాణం లేచొచ్చింది పాపం. "వస్తున్నా," అనేశాడు, పడవని తిప్పేశాడు.

ఎదురుగా నీలం రేకుల కప్పొకటి తేలుతూ వచ్చింది. తమ షెడ్డు కప్పు. ఒడ్డునుంచి ఆమె మాట్లాడే సెట్టు ఆ షెడ్డు గోడకే బిగించి ఉండేది...

సెట్టు ఆపేశాడు.

"వస్తానన్నావుగా..."

గొంతు ఆగలేదు. తెల్లారేదాకా ఆగలేదు. అతను చుక్కాని పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

మర్నాడు శిథిలాలు దాటుకుంటూ కొండెక్కాడు. మెట్ల చివర యాయెనో కూర్చుని ఉంది. బతికే ఉంది! అతనికి ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం లేవలేదు. సాయంత్రం నుంచీ అతని గొంతు కింద మెట్ల దగ్గర నిలబడి దిగిరమ్మని బతిమాలుతూనే ఉందని చెప్పింది. పక్కింటి ఫుసకోకి తన మొగుడి గొంతు వినబడిందట. దిగింది, మళ్లీ రాలేదు.

"నిన్నూ పిలిచిందా?"

"పిలిచింది."

"పలికావా? పలికితే అది వెతుక్కుంటూ వచ్చేస్తుందనేవాళ్లు పెద్దవాళ్లు."

"లేదు," అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నేనూ పలకలేదు," అంది, చూపు తిప్పుకుని.

కింద మెట్లమీద తడి అడుగుల చప్పుడు. తీరిగ్గా, ఆగి ఆగి, పైకి వస్తోంది.

ఒకరివి కావు ఆ అడుగులు. ఇద్దరివి...