బొట్టు పెడితే వెళ్తానంది

ఫ్రిస్కోలో చలికాలానికని ఆ వారమే గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అయిదున్నరకల్లా చీకటి పడిపోతోంది. నిశాంత్ కిచెన్‌లో నిలబడి అయిదేళ్ల మేనకోడలు మృదులకి పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలుపుతున్నాడు. ఫోన్ మధ్యాహ్నం నించీ కౌంటర్ మీద కళ్లెదురుగానే ఉంది. అక్క స్పందనకి నెల ముందే నొప్పులొచ్చాయి. ఆమెని హాస్పిటల్‌కి తీసుకెళ్తూ బావ తేజేశ్వర్ కార్ అద్దం దించి, "మృదుల నీ పూచీరా. ఇంకేం చెయ్యక్కర్లేదు. అది భయపడకుండా చూస్కో, చాలు" అన్నాడు.

అంతే పని. కానీ మాస్టర్స్ అయిపోయి రెండు నెలలు దాటినా జాబ్ రాక, అక్క ఇంట్లో తింటూ, రోజూ రెజ్యూమేలు పంపుకుంటూ ఉన్న మనిషికి ఈమధ్య ఎవరైనా నమ్మి అప్పజెప్పిన పని ఇదొక్కటే. దీన్ని మాత్రం చెడగొట్టకూడదు అనుకున్నాడు.

ఆ ఇంట్లో దేవుణ్ణి నమ్మని మనిషి అతనొక్కడే. విజయవాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్టేజి ఎక్కి నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, బాబాల మహిమలంటే ఇంతేనని చూపించినవాడు. ఇక్కడికొచ్చాక ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఎవరు దేవుడన్నా, దెయ్యమన్నా, వాస్తు అన్నా కింద ఒకటే కామెంట్ పెట్టేవాడు: "ఉందన్నవాళ్లే చూపించాలి. లేదన్నవాడు చూపించేదేం ఉండదు."

బావ ఆ మాట మీద ఆడుకునేవాడు. "మరి జాబ్ వస్తుంది వస్తుంది అంటున్నావుగా, ముందు అది చూపించరా సామీ!"

"మామా," మృదుల స్పూన్ పక్కన పెట్టింది. "ఆంటీకి కూడా పెట్టవా?"

"సరోజ ఆంటీనా? ఏడింటికి వస్తారమ్మా. మనకే పులిహోర తెస్తున్నారు."

"నో, ఆ ఆంటీ కాదు. పైన ఆంటీ."

నిశాంత్‌కి తెలుసు ఈ గొడవ. దసరాకి అక్క పైన గేమ్ రూమ్‌లో బొమ్మల కొలువు పెట్టింది. పేరంటానికి నలభైమంది దాకా వచ్చారు. ఆ తర్వాత డాక్టర్ అక్కని బెడ్ రెస్ట్‌లో ఉండమనడంతో ఆ కొలువు మెట్లూ, బొమ్మలూ, వరసగా వేసిన మడత కుర్చీలూ అన్నీ అలాగే ఉండిపోయాయి. ఆ రోజు నించీ మృదుల ఆ గదిలోకి అడుగు పెట్టడం లేదు.

"ఆంటీలందరూ వెళ్లిపోయారుగా బంగారం, ఎప్పుడో."

"ఒక ఆంటీ వెళ్లలేదు." పిల్ల గొంతు తగ్గించింది. "అమ్మ నన్ను డోర్ దగ్గర నించోబెట్టింది కదా, బొట్టు పెట్టడానికి. ఎవరూ బొట్టు లేకుండా వెళ్లకూడదు అని. నేను అందరికీ పెట్టా మామా. కానీ మధ్యలో రెస్ట్‌రూమ్‌కి వెళ్లా. ఆ ఆంటీకి పెట్టలేదు. ఇట్స్ మై ఫాల్ట్." కళ్లలో నీళ్లు తిరిగాయి. "బొట్టు పెడితే వెళ్తానంది. వెయిట్ చేస్తోంది. నాకు భయం, మామా. నువ్వు కూడా రా, పెట్టేసి వచ్చేద్దాం."

పిల్ల చెప్పింది చిన్న పనే. నిమిషం పడుతుంది. దేవుడి గూట్లో ఉన్న కుంకుమ భరిణ తీసి, పైకెళ్లి, ఒక కుర్చీ ముందు చెయ్యి ఆడించి వచ్చేస్తే అయిపోయేది.

కానీ నిశాంత్‌కి మనసొప్పలేదు. ఇవాళ కుర్చీకి బొట్టు పెడితే, ఆంటీ ఉందని తనే పిల్లకి చెప్పినట్టు. రేపు ఇంకో ఆంటీ వస్తుంది. భయాన్ని మొదట్లోనే తుంచేయాలి.

"చూడు మృదూ, ఎవరైనా ఏదైనా ఉందంటే ముందు చూపించమని అడగాలి. సరేనా? ఆంటీ ఉంటే, ఒకసారి చప్పుడు చెయ్యమను."

మృదుల మెట్ల దగ్గరికి వెళ్లి తలెత్తింది. "ఆంటీ... మామ నాయిస్ చెయ్యమంటున్నాడు."

ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్రిజ్ మోటార్ ఆగింది. బయట వీధిలో ఒక కార్ వెళ్లిపోయింది.

పైన కుర్చీ జరిగింది.

చిన్న చప్పుడే. నిశాంత్ నవ్వాడు. "హీటర్ ఆన్ అయిందమ్మా. ఇక్కడి ఇళ్లన్నీ చెక్కవి. చలికి ఇలాగే టకటకమంటాయి. ఒక్కసారి మోగితే లెక్కలోకి రాదు." కాలేజీ రోజుల హుషారు అతనిలో కాస్త లేచింది. "ఇప్పుడు అసలు టెస్ట్. నేను మనసులో ఒక నంబర్ అనుకుంటా. పైకి చెప్పను. ఆంటీని అన్నిసార్లు కొట్టమను, చూద్దాం."

"ఆంటీ... మామ నంబర్ అనుకున్నాడు."

టక్.

హీటరే అనుకున్నాడు నిశాంత్.

టక్. టక్. టక్... తొందర లేకుండా, వేలితో చెక్క మీద కొట్టినట్టు వస్తున్నాయి. అయిదు. ఆరు. ఏడు...

ఆగిపోయింది.

ఏడే. తను అనుకున్నది ఏడే. సరే... ఏడు చాలామంది అనుకుంటారు. కాకతాళీయం. ఇలాంటివి వందసార్లు చూశాడు...

మృదుల తల పక్కకి వంచి, ఎవరో చెప్తుంటే వింటున్నట్టు నిలబడింది.

"మామా, నువ్వు ఫస్ట్ ఫోర్ అనుకుని, తర్వాత మార్చావంట కదా."

నిశాంత్ ముందు నాలుగు అనుకున్న మాట నిజం. మరీ తక్కువని మార్చాడు. ఆ సంగతి తనకి తప్ప...

ఫోన్ అందుకుని సరోజ ఆంటీకి కొట్టాడు. రెండు వీధుల అవతల ఉంటుందావిడ. రిటైరైన డాక్టరు. స్పీకర్‌లో తాలింపు చిటపటలాడుతోంది.

"ఏమయ్యా, స్పందన ఎలా ఉంది?"

"ఇంకా ఏం తెలీలేదాంటీ. మీరు కాస్త ముందు రాగలరా? మృదుల కొంచెం..." నవ్వుతూ చెప్పేద్దామనుకున్నాడు. కానీ తొట్రుపడుతూనే అంతా చెప్పాడు, నంబర్ సంగతి తప్ప.

"దానికింత కంగారెందుకు? బొట్టు పెట్టి పంపించండి."

"లేని మనిషికా?"

"ఉందని నేనన్నానా? ముప్పై ఏళ్లు మత్తుమందు ఇచ్చానయ్యా. ఆ మత్తులో మనుషులు ఎక్కడికెళ్తారో నాకిప్పటికీ తెలీదు. తెలీదని ఒప్పుకోడం నాకలవాటు. లేదు, లేనే లేదు అంటున్నది నువ్వు. మరి నువ్వే చూపించు."

"లేనిదాన్ని ఎలా చూపిస్తానాంటీ!"

"లేకపోతే మరీ మంచిది. పిల్ల వెళ్లి గాలికి బొట్టు పెట్టొస్తే నీకు పోయేదేంటి?" ఆవిడ నవ్వింది. "నువ్వు మాత్రం పెట్టకు. పేరంటాళ్లకి మగవాళ్లు పెట్టరు. పిల్లచేతే పెట్టించు. ఇంకో ముప్పావుగంటలో వస్తా."

ఫోన్ పెట్టేశాడు. అప్పుడు తగిలింది వాసన. మెట్ల మీంచి మెల్లగా దిగి వస్తోంది. ఏళ్ల తరబడి బీరువాలో దాచిన పట్టుచీర వాసన. కలరా ఉండలు... వాడిన మల్లెపూలు... వాటి కింద ఇంకేదో, తడి మట్టిలాంటిది.

మృదులని ఎత్తుకుని గబగబా ముందు తలుపు తీశాడు. గోడ మీది అలారం బాక్స్‌లోంచి ఆడగొంతు పలికింది. "ఫ్రంట్ డోర్. ఓపెన్." ఆ గొంతుకే సగం చచ్చాడు. బయట చలిగాలి మొహానికి కొట్టింది. కార్ లేదు. నడిచే పోతాం, సరోజ ఆంటీ ఇంటిదాకా ఎంత దూరం...

మృదుల అతని చెవిలో గుసగుసలాడింది.

"మనం వెళ్తే తనూ వస్తుందంట."

నిశాంత్ కాలు గడప దగ్గరే ఆగిపోయింది. వెనక, పైన, కుర్చీ కిర్రుమంది. లేవబోతున్న మనిషి బరువు కుర్చీ మీంచి తప్పుకుంటున్నట్టు...

"చెప్పు," అన్నాడు. తన గొంతు తనకే వినపడలేదు. "వస్తున్నాం అని చెప్పు. కూర్చోమను."

"కూర్చోండి ఆంటీ. వస్తున్నాం."

కిర్రు. మళ్లీ నిశ్శబ్దం.

తలుపు మూశాడు. దేవుడి గూట్లోంచి వెండి భరిణ తీశాడు. ఒక చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. పదిహేడు మెట్లు. ఒక్కొక్క మెట్టుకీ వాసన చిక్కబడుతోంది. గేమ్ రూమ్ స్విచ్ వేశాడు. లైట్ వెలిగింది. అంతా మామూలుగానే ఉంది. కొలువు మెట్ల మీద బొమ్మలు. తెల్లటి కార్పెట్. పది మడత కుర్చీలు గోడవారగా వరసలో ఉన్నాయి.

పదకొండోది గది మధ్యలో, తలుపుకేసి తిరిగి ఉంది. ఖాళీగా.

నిశాంత్ భరిణ మూత తీసి ఒక అడుగు వేశాడు. ఉంగరం వేలు కుంకుమలో ముంచాడు. తనే పెట్టేస్తాడు. పిల్లని ఎందుకు...

"మామా, నో. బాయ్స్ పెట్టకూడదంట." మృదుల అతని చొక్కా లాగింది. "కోపం వస్తుందంట."

అక్కడ ఇరుక్కుపోయాడు నిశాంత్. కుర్చీలో ఎవరూ లేరు. కళ్లతో చూస్తున్నాడు, ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు పిల్లని నాలుగడుగులు పంపడానికేం? పంపకుండా పట్టుకున్నాడంటే, ఉన్నట్టే. పంపితే... పంపితే, ఉంటే? ఇన్నేళ్లూ ఎదుటివాళ్లని చూపించమని ఎంత తేలిగ్గా అడిగాడు. ఇప్పుడు ఆ ప్రశ్న అయిదేళ్ల పిల్ల చెయ్యంత చిన్నదై అతని గుప్పిట్లో చల్లగా వణుకుతోంది.

"నా చెయ్యి వదలకు మామా," అంది మృదుల. అతనికంటే ధైర్యంగా.

వదల్లేదు. ఇద్దరూ కలిసే నడిచారు. పిల్ల కుడిచేతి వేలు కుంకుమలో అద్దుకుంది. మునివేళ్ల మీద లేచింది. చెయ్యి పైకి... కుర్చీలో కూర్చున్న మనిషి మొహం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి చాపింది.

వేలు ఆగింది. గాల్లో, దేనికో తగిలి, కొస వంగింది.

నిశాంత్ కళ్లు దించేసుకున్నాడు. కార్పెట్ కేసి చూశాడు. అంత కుంకుమ అద్దిన వేలు. కింద ఒక్క రవ్వ... ఒక్క రవ్వ కూడా పడలేదు.

మృదుల నడినెత్తిన జుట్టు మెల్లగా అణిగింది. దీవించే చెయ్యి కింద అణిగినట్టు.

తర్వాత కుర్చీ కిర్రుమంది. ఇద్దరి పక్కనించీ చల్లగా ఏదో దాటిపోయింది. పట్టుచీర గరగర. మెట్లు... ఒకటొకటిగా... పదిహేడు. కింద గోడ మీది గొంతు పలికింది.

"ఫ్రంట్ డోర్. ఓపెన్."

చాలాసేపటికి వాసన పూర్తిగా పోయింది. నిశాంత్ మోకాళ్ల మీద కూలబడి పిల్లని గట్టిగా హత్తుకున్నాడు. మొహం చూశాడు, చేతులు చూశాడు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు. మృదుల నవ్వుతోంది, ఎన్నో రోజుల తర్వాత.

"వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయింది. థాంక్యూ చెప్పింది."

"ఇంటికేనా?"

"కాదు మామా. బేబీని చూడ్డానికి."

కింద కౌంటర్ మీద ఫోన్ మోగింది.

రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. బావ. గొంతు నిండా సంతోషం. "ఒరేయ్, పాప పుట్టిందిరా! అరగంటైంది. ఇద్దరూ సేఫ్. మీ అక్క నిద్రపోతోంది. నేను కాఫీకని కిందికొచ్చా."

"పాప దగ్గర ఎవరున్నారు బావా?"

"అదే చెప్పబోతున్నా. ఎవరో పెద్దావిడ వచ్చారు, పట్టుచీరలో. మీ ఇంటి నించే వస్తున్నా అన్నారు. నర్స్ కూడా ఏం అడ్డు చెప్పలేదు, విచిత్రం. పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవర్రా ఆవిడ? సరోజగారి చుట్టాలా?"

"పైకెళ్లు బావా."

"ఏమైందిరా?"

"పైకెళ్లు! ఇప్పుడే!"

ఆ అరుపుకి బావ ఇంకేం అడగలేదు. లిఫ్ట్ గంట వినపడింది. తర్వాత పరుగు. తలుపు. నిశాంత్ ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకున్నాడు. అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు... ఏమీ లేదు...

"ఉందిరా." బావ ఆయాసపడుతున్నాడు. "పాప ఉయ్యాల్లో ఉంది. బాగానే ఉంది. ఆవిడే లేరు, వెళ్లిపోయినట్టున్నారు. చంపేశావు కదరా నన్ను!"

నిశాంత్ గోడకి ఆనుకుని కిందికి జారాడు. నవ్వో ఏడుపో తెలీని చప్పుడొకటి వచ్చింది అతన్నించి.

"ఆగు," అన్నాడు బావ.

"ఏంటి?"

"పాప చెయ్యి... పిడికిలి బిగించింది. ఏదో పట్టుకుంది లోపల. ఆవిడ ఇచ్చారేమో. గట్టిగా పట్టుకుందిరా, ఊడి రావట్లేదు. ఆగు, తెరిచి చూస్తా."

"వద్దు బావా." గుసగుసలాడాడు నిశాంత్. "తెరవొద్దు. చూడొద్దు."

"నేను తెరవట్లేదురా," అన్నాడు బావ, మెల్లగా. "తనే తెరుస్తోంది."