మూడో గుట్ట

"రేపట్నుంచి నువ్వు భూమి రికార్డుల ఆఫీసులో గుమాస్తావి. పదిహేనేళ్ల సర్వీసు. కూర్చుని కూర్చుని ఆయాసం వస్తోందని పరీక్షలకు వెళ్తున్నావు," అన్నాడు మేష్టారు.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. గూఢచారి విభాగానికి పెద్ద. ఎంత సీనియర్ ఏజెంటునైనా హోంవర్కు చెయ్యని పిల్లాడిలా నిలబెట్టి మాట్లాడతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని విభాగమంతా పెన్సిల్ అంటారు. నలభై ఏళ్లొచ్చినా పెళ్లినాటి ప్యాంటు ఇంకా వదులే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతూ ఉంటాడు.

"హృదయ పరిశోధన కేంద్రమని ఒకటి పెట్టారు. అంతా ఉచితం. చిన్న వయసులోనే ఎవరి గుండె దెబ్బతింటుందో ముందుగా కనిపెడతారట. సైన్యం సిగ్నల్ విభాగంలో అందరి రక్తమూ తీసుకున్నారు. జన్యువులు, షుగరు, కొవ్వు, ఏదీ వదల్లేదు."

"మంచి పనేగా సార్?"

"నడిపేది విదేశీ ముఠా. వాళ్లకి కావలసింది వైద్యం కాదు, జాబితా. నలభై మంది పేర్లు తేల్చారు. ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండింటికి సిగ్నల్ విభాగానికి ఫిట్‌నెస్ క్యాంపు ఉంది. అక్కడ అందరికీ ఏదో ఒకటి ఇస్తారు. మిగతావాళ్లకి ఏమీ కాదు. ఆ నలభై మందీ పడిపోతారు. వాళ్ల తండ్రులూ గుండెతోనే పోయారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు."

"క్యాంపు ఆపేస్తే సరిపోదా?"

"ముఠా మూటాముల్లె సర్దుకుని ఇంకోచోట దుకాణం తెరుస్తుంది. సాక్ష్యంతో సహా పట్టుకోవాలి. ఏమిస్తున్నారో తెలిస్తే దాన్నొక్కదాన్నే గుట్టుగా మార్పిస్తాను. ఒకటి తిండి. రెండు నీళ్లు. మూడు మాత్ర. నాలుగు ఇంజెక్షన్. నాకు అంకె చాలు. లోపల డైటీషియన్ మన మనిషే, కానీ అక్కడి డాక్టరు ఆమెకి అన్నీ చెప్పడు."

తర్వాత మేష్టారే స్వయంగా ఫారం నింపాడు. తల్లి: ఆరోగ్యం. తండ్రి: ఆరోగ్యం. అలవాటైన చెయ్యి కాబట్టి ఆగకుండా రాసుకుపోయింది. ఆ విభాగంలో అందరి ఫారాల్లోనూ అందరి తల్లిదండ్రులూ గుండ్రాళ్లలా ఉంటారు. లేకపోతే ఫీల్డు డ్యూటీ ఇవ్వరు.

పెన్సిల్ రెండో గడి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. వాళ్ల నాన్న నలభై రెండో ఏట, ఆఫీసుకి బయల్దేరుతూ, ఒక కాలి బూటు లేసు కట్టుకుని రెండోది కట్టుకోకుండానే ఒరిగిపోయాడు. అక్క పరీక్ష చేయించుకుంటే అదే జన్యువు తేలింది. రోజూ మందు వేసుకుంటుంది, నడుస్తుంది, బాగానే ఉంది. "నువ్వూ ఒకసారి చూపించుకోరా," అని రెండేళ్లుగా పోరుపెడుతోంది. "నన్ను చూస్తే గుండెజబ్బువాడిలా ఉన్నానా అక్కా?" అని ఈయన తప్పించుకు తిరుగుతున్నాడు.

"ట్రాన్స్‌మిటర్ నీ చొక్కా రెండో గుండీలో ఉంది," అన్నాడు మేష్టారు. "ప్రత్యేక గదిలో ఇరవై నాలుగు గంటల విశ్రాంతి అని వాళ్ల కరపత్రంలో ఉంది. ఆ గదిలోవాళ్ల గుండె గ్రాఫు పరిశోధనల పర్యవేక్షణ ఆఫీసుకి కూడా వెళ్తుంది. నేను అక్కడ గుమాస్తా వేషంలో కూర్చుని చూస్తూ ఉంటా. ఉన్నావో పోయావో తెలియాలిగా."

ఆ గుండీ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. మర్నాడు మధ్యాహ్నం పరిశోధన కేంద్రంలో రక్తం తీశారు, గుండె స్కానింగ్ చేశారు, చివరికి చొక్కా విప్పమన్నారు. గుండీ చొక్కాతోపాటు లాకర్లోకి పోయింది. గుండీలు లేని గౌను తొడిగి, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే బెల్టొకటి ఛాతీకి బిగించి, లోపలికి పంపారు.

మేష్టారు విశ్రాంతి గది అంటే మంచమూ ఫ్యానూ అనుకున్నాడు. అది ఉక్కు డబ్బా. మనిషి పీల్చే గాలి, వదిలే గాలి కొలిచి, ఒంట్లో తిండి ఎలా ఖర్చవుతోందో లెక్కగట్టే గది. గాలి బయటికి పోకూడదు కాబట్టి తలుపుకి చుట్టూ రబ్బరు, బయట నాలుగు గొళ్లేలు. లోపలి పిడి ఊడదీసిన చోట రెండు మేకు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ఒక మంచం, ఒక వ్యాయామం సైకిలు, గోడలో భోజనం తోసే చిన్న కిటికీ, మందపాటి గాజుపలక. అయిదడుగులు వేస్తే గది అయిపోతుంది. రాత్రంతా పెన్సిల్ ఆ అయిదడుగులే తిరిగాడు.

పొద్దున కిటికీ తెరుచుకుంది. ఎర్ర కళ్లజోడు, చెవులకి పొడుగు లోలాకులు. ఆ తెల్లకోటులోనూ చూపు తిప్పుకోనివ్వని మనిషి. డైటీషియన్.

"ఓట్స్‌లో ఉప్పు తగ్గింది," అన్నాడు పెన్సిల్. అది కోడ్.

"తగ్గింది ఉప్పు కాదు, ఓపిక," అంది ఆమె. సరైన జవాబే.

"చొక్కా గుండీ లాకర్లో ఉంది. మేష్టారికి అందించండి," అన్నాడు గబగబా. ఆమె తలూపి కిటికీ మూసింది.

పది నిమిషాల్లో గాజుపలక అవతల డాక్టరు ప్రత్యక్షమయ్యాడు. రెండు వేళ్లతో ఆ గుండీ పట్టుకుని ఉన్నాడు. నమ్మినావిడే అమ్మేసింది.

"శుభోదయం," అంది స్పీకరు. భాషని వ్యాకరణ పుస్తకంలో నేర్చుకున్న గొంతు. "మీ దరఖాస్తులో తల్లిగారు, తండ్రిగారు ఆరోగ్యవంతులు అని ఉన్నది. మీ రక్తం మరొక విధముగా చెప్పుచున్నది. ఈ జన్యువు వారిలో ఒకరి నుండి వచ్చును. ఈ సంవత్సరం ఇటువంటి దరఖాస్తులు నాలుగు వచ్చినవి. పొగ లేదు, మద్యం లేదు, తల్లిదండ్రులు క్షేమం. అటువంటి మనుష్యులు ఏ దేశమునందును ఉండరు."

"మా నాన్న ఊసు నీకెందుకు?"

"మీకు ఉపయోగము కనుక చెప్పుచున్నాను. మీరు సన్నగా ఉన్నారు, కానీ కాలేయము చుట్టూ కొవ్వు ఉన్నది. చక్కెర సరిహద్దులో ఉన్నది. మీ గుండె చక్కగా ముడుచుకొనుచున్నది. విప్పుకొనుటయే ఆలస్యము. తొలి దశ. మంచి వైద్యుని చూచిన యెడల చాలాకాలం జీవించెడివారు. భోజనం చేయండి. పన్నెండు గంటలకు తలుపు తెరిచెదము."

పదకొండుంబావుకి కిటికీలోంచి పళ్లెం వచ్చింది. డైటీషియన్ తలెత్తలేదు. పళ్లెంలో సూపు, రొట్టె, పక్కనే ఒక మాత్ర. మాత్ర కింద కాగితం కవరు, దానిమీద అచ్చు: 'సిగ్నల్ విభాగం ఫిట్‌నెస్ క్యాంపు. మీ గుండెకు మా కానుక.'

మూడు.

అంకె దొరికింది, పంపడానికి దారి లేదు. తలుపుని భుజంతో గుద్దాడు, అది కిక్కురుమనలేదు. బెల్టు పీకేస్తే మేష్టారికి పెన్సిల్ పోయాడని తెలుస్తుంది, మాత్ర సంగతి తెలియదు. చెయ్యి బెల్టు మీదే ఆగింది. దానికింద గుండె దడదడలాడుతోంది. ఆ దడ గీతై మేష్టారి ముందు పాకుతోంది.

పెన్సిల్ సైకిలెక్కాడు. ఒళ్లు మరిచి తొక్కాడు. గాజు అవతల కంప్యూటరు తెరమీద గీత పైకి లేచింది. ఆగాడు, అది దిగింది. ఒక గుట్ట. ఊపిరి కూడదీసుకుని మళ్లీ తొక్కాడు. ఈసారి గీతకన్నా ముందు ఛాతీలో ఏదో బిగిసింది. రెండో గుట్ట. దిగబోతే కాళ్లు వణికి, సైకిలు పిడి మీదే తల వాల్చేశాడు.

స్పీకరు నవ్వింది. "రెండు. అనగా నీరు. మీ అంకెలన్నియు మా డైటీషియన్ నాకు ఈ ఉదయమే చెప్పినది. వారు నీటిని మార్చుకొందురు గాక. మాకు నష్టము లేదు. మూడవది మీ గుండె ఎక్కలేదు. మీ నివేదిక నా చేతిలోనే ఉన్నది."

ఇప్పుడు ఆగిపోతే, అసలు ఏమీ చెప్పనిదానికన్నా ఘోరం. మేష్టారు నీళ్లు మార్పించి నిశ్చింతగా కూర్చుంటాడు. నలభై మంది మాత్ర మింగుతారు. తొక్కితే నాన్న వెళ్లిన దారే. భయం వేసింది. ఏ సరిహద్దులోనూ, ఏ తుపాకీ ముందూ వెయ్యనంత భయం. బూటు లేసు కళ్లముందే ఊగింది.

అప్పుడు అక్క మాట గుర్తొచ్చింది. "నా డాక్టరు పరిగెత్తొద్దన్నాడురా, ఆగొద్దని కూడా అన్నాడు."

నెమ్మదిగా తొక్కాడు. పదిసార్లు తొక్కి ఒక ఊపిరి, పదిసార్లు తొక్కి ఒక ఊపిరి. గీత వెంటనే లేవలేదు. ముసలమ్మ మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. కానీ ఎక్కుతోంది.

డాక్టరు నివేదిక కింద పడేశాడు. "కేబులు! కేబులు పీకివేయుము!" అని డైటీషియన్ మీద అరిచాడు. ఆమె వంగి, గోడ దగ్గరున్న తీగల్లో ఒకటి బలంగా లాగేసింది.

గదిలో దీపాలు ఆరిపోయాయి. గాజు అవతల తెర మాత్రం వెలుగుతూనే ఉంది. దానిమీద మూడో గుట్ట శిఖరం దాకా లేచింది. పెన్సిల్ కాళ్లు వదిలేశాడు. అది దిగుతుంటే కళ్లు మూసుకుని సైకిలు పక్కనే జారి కూర్చున్నాడు.

మళ్లీ కళ్లు తెరిచేసరికి తలుపు బార్లా తీసి ఉంది. నడవలో డాక్టరు చేతులకి సంకెళ్లు పడ్డాయి. డైటీషియన్ మోకాళ్ల మీద కూర్చుని పెన్సిల్ నాడి చూస్తోంది.

"క్యాంపు?" అన్నాడు.

"పంచడానికి రెండు నిమిషాల ముందు మాత్రలు మారాయి. ముఠా మొత్తం అక్కడే దొరికింది."

"గుండీ వాడికెందుకిచ్చారు?"

"నా చేతిలో ఉండగానే పట్టుకున్నాడు. మీ గుట్టు బయటపెట్టడానికే తెచ్చానన్నాను, నమ్మించడానికి అంకెలూ చెప్పాను. లేకపోతే మీ పళ్లెం ఇంకెవరో తెచ్చేవారు. మాత్ర కవరుతో సహా పెట్టమని వాడు చెప్పలేదు సార్."

పెన్సిల్‌కి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

సాయంత్రం అతన్ని నిజమైన గుండె ఆసుపత్రిలో, నిజమైన మంచం మీద పడుకోబెట్టారు. తొలి దశేనని, మందులూ నడకా ఉంటే భయం లేదని అక్కడి డాక్టరమ్మ కూడా చెప్పింది. అక్క ఫోన్లో అరగంట తిట్టింది. ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా విన్నాడు.

నర్సు ఫారం తెచ్చింది. తండ్రి అన్న గడిదాకా పెన్సిల్ గబగబా నింపాడు. తర్వాత రాశాడు: నలభై రెండో ఏట. గుండె. జీవితంలో మొదటిసారి ఆ గడి నిజం చెప్పింది.

మంచం పక్కన నిలబడ్డ మేష్టారు భుజంమీంచి అంతా చదివాడు. గుమాస్తా వేషం కోసం పెట్టుకున్న విగ్గు తీసి జేబులో కుక్కుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. బెంచీ మీద నిలబడ్డ పిల్లాడి గొంతుతో నర్సుని అడిగాడు.

"అమ్మాయ్, ఇంకో ఫారం ఉందా?"