మూత మీద ఒట్టి వేలు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పట్టపగలు పదిన్నరకి గూఢచారి డిపార్ట్‌మెంట్ కొరియర్ బుల్లిరాజుని పొడిచి చంపేశారు. పదకొండింటికి అతని పని ఏజెంట్ ఇందుజ నెత్తిన పడింది.

“విదేశీ ముఠా వదిలిన వైరస్ మన తోమాకి అంటుకుంది. ఏలూరు ఐసీయూలో ఉన్నాడు. సాయంత్రం దాటితే కష్టం,” అన్నాడు చీఫ్ బాపిరాజు.

తోమా ఆరేళ్ళుగా ఆమె పార్ట్‌నర్. రెండుసార్లు ఆమె ప్రాణం కాపాడినవాడు.

సైంటిస్ట్ సూర్యనారాయణ గారు వేలెడంత ట్యూబు చేతికిచ్చారు. “వైరస్ ఓ ఎంజైముతో తన ఆర్ఎన్ఏని కాపీలు తీస్తుందమ్మా. ఈ చిన్న ఆర్ఎన్ఏ వెళ్ళి ఆ ఎంజైము గొంతులో చేపముల్లులా అడ్డం పడుతుంది. ఇక కాపీలుండవు. కానీ ఏలూరులో దీనికి పైపూత వేసేదాకా ఒట్టి చెయ్యి తగలనివ్వకండి. మన చెమట చాలు, దీన్ని తినేస్తుంది.”

ఇందుజకి భయం వేసింది. అబద్ధమెందుకు, బాగానే వేసింది. అయినా చేపల వ్యాపారి వేషం కట్టి, థర్మోకోల్ పెట్టెలో ఐసు కింద ట్యూబు దాచి, కొల్లేటి ఒడ్డున ప్యాకింగ్ షెడ్డుకి చేరింది. అక్కణ్ణుంచి డిపార్ట్‌మెంట్ డాక్టర్ లాస్య అంబులెన్సులో తీసుకెళ్ళాలి.

కూలీలు భోజనాలకి వెళ్ళారు. నెమలికంఠం రంగు చీరలో, నల్లకళ్ళద్దాల్లో లాస్య ఒక్కతే నిలబడి ఉంది. షెడ్డంతా సెంటు వాసన.

“కొర్రమీను ఉందాండీ?” అంది లాస్య.

“నిన్ననే అయిపోయిందండీ. జెల్లలున్నాయి.”

కోడ్ కుదిరింది. “ఒక్కసారి చెక్ చేస్తానండీ,” అంటూ లాస్య ట్యూబు అందుకుంది. తీరిగ్గా గ్లవ్స్ విప్పింది. మెడ మీది చెమటని వేలితో తుడుచుకుంది. ఆ వేళ్ళతోనే మూత తిప్పసాగింది.

ఇందుజకి అర్థమైంది, లాస్య ముఠా మనిషి. ఇది దొంగతనం కాదు, అంతకన్నా ఘోరం. మందు చేరుతుంది, పని చెయ్యదు, తోమా పోతాడు, ఎవరికీ అనుమానం రాదు.

“గ్లవ్స్ వేసుకోండి డాక్టర్ గారూ,” అంది ఇందుజ.

లాస్య ఎడమచేతిలోకి పిస్టల్ వచ్చింది. “తెలిసిపోయిందాండీ? అయితే కదలకండి.”

ఇందుజ దగ్గర మత్తుసూది పెన్ను ఉంది. తీయబోతే కంగారులో వేళ్ళలోంచి జారి జెల్లల్లో పడింది. ఇంకేం చేస్తుంది పాపం, పెట్టెనే ఎత్తి ఆవిడ మొహాన కొట్టింది. తూటా పైకప్పు రేకుకి తగిలింది. లాస్య ఐసు మీద జారి వెల్లకిలా పడింది. గాల్లోకి లేచిన ట్యూబుని ఇందుజ చీరచెంగులో పట్టింది. మూత ముప్పావు తిరిగింది గానీ ఊడలేదు.

లాస్యని వలతాడుతో కట్టేసి, అంబులెన్సు తనే తోలింది. ఐదున్నరకి మందు ఎక్కింది. మర్నాడు తోమా కళ్ళు తెరిచాడు.

“భయపడ్డారా మేడమ్?”

“అబ్బే, లేదు,” అంది ఇందుజ.

ఉద్యోగంలో చేరాక ఆమె ఆడిన వందల అబద్ధాల్లో ఎవరూ నమ్మనిది ఇదొక్కటే.