వెనక్కి తిరిగినవాడు

పరుగు!

చెప్పులు చేతిలో ఉన్నాయి. తనే కుట్టుకున్న కొత్త గౌను కాళ్లకు అడ్డం పడుతోంది.

కారిడార్ ఊగుతోంది. కాదు... ఓడే ఊగుతోంది!

గోడ మీద గడియారం పదకొండూ నలభై తొమ్మిది చూపిస్తోంది.

ఇంకా పదకొండు నిమిషాలు!

పన్నెండు కొట్టగానే ఈ ఓడలో ఒక మొగుడు చస్తాడు.

ఆ మొగుడు తన మొగుడే కావచ్చు!

ఆమె టైలరమ్మ. మిషను తొక్కడమే తప్ప మెట్లెక్కి పరుగెత్తిన కాళ్లు కావు అవి. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి షికారుకు రావడం ఇదే మొదటిసారి. సాయంత్రం ఎక్కించుకుంటారు, సముద్రంలో తిప్పుతారు, పొద్దున్నే దింపేస్తారు. జంటలకు మాత్రమే టికెట్టు.

"ఒక్క రాత్రికి ఇంత సూట్‌కేసా? ఓడ ఒక పక్కకి ఒరిగిందే, చూడు!" అని ఎక్కేటప్పుడే వెక్కిరించారాయన.

భోజనం కాగానే "కాస్త గాలి పీల్చుకుని వస్తా" అని వెనక డెక్కు మీదకు వెళ్లారు.

గాలి కాదు, పొగ! ఆమెకు తెలియనిదా? ఈ ఒక్క రాత్రికి పోనీలే అనుకుంది.

పోనీలే అనుకోవడమే కొంప ముంచింది!

ఐదు నిమిషాల క్రితం లేడీస్ బాత్రూంలో ఉంది. పక్క తలుపు వెనక ఒక ఆడగొంతు. ఫోన్లో. గుసగుసగా...

"వెనక డెక్కు. పన్నెండింటికి. చుక్కలు చూపిస్తామని లైట్లన్నీ ఆర్పేస్తారు. నీకు మొహం కనపడకపోయినా ఫర్లేదు. నేను 'ఏవండీ' అని పిలుస్తా..."

ఫ్లష్ భళ్లుమంది.

ఆ మోతలోంచే చివరి ముక్క చెవిన పడింది.

"...వెనక్కి తిరిగినవాడే మా ఆయన. కాల్చెయ్!"

టైలరమ్మ చప్పుడు చేయకుండా అలాగే బిగుసుకుపోయింది. తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి పక్క గది ఖాళీ. ఘాటైన సెంటు వాసన ఒక్కటే మిగిలింది.

ఏవండీ!

డెక్కు మీద ముప్పై మంది మగాళ్లున్నారు. ముప్పై మందీ ఎవరికో ఒకరికి ఏవండీలే!

అందరికంటే ముందు తిరిగేదెవరు? డ్రైవరుగారే! ఎవరి పెళ్లాం ఎవర్ని పిలిచినా "ఆఁ... వస్తున్నా" అనే మనిషాయన. ఒకసారి పక్కవీధిలో ఎవరో పిలిస్తే ఒంటినిండా సబ్బు నురగతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు!

ఫోన్ చేద్దామంటే ఆయన ఫోను కేబిన్లో చార్జింగులో ఉంది.

మెట్ల దగ్గర సెక్యూరిటీవాడు. గుబురు మీసాలు. కుర్చీలో కునికిపాట్లు.

"బాబూ! లైట్లు ఆర్పొద్దని చెప్పు! పైన ఒకాయన్ని కాల్చబోతున్నారు!"

వాడు ఒక కన్ను తెరిచాడు. "ఎవరమ్మా?"

"తెలీదు!"

"ఎవర్ని?"

"తెలీదు! ఏవండీ అని పిలిస్తే తిరిగినవాణ్ణి!"

వాడు రెండో కన్నూ తెరిచాడు. మీసాలు వణికేలా నవ్వాడు.

"ఏవండీ అంటే తిరిగినందుకు చంపేస్తారా? ఆ లెక్కన నేను ఈపాటికి నలభైసార్లు పోయుండాలి కదమ్మా!"

"నీ నవ్వు తగలెయ్య! నిజం చెబుతున్నా. కెప్టెన్‌ని పిలువు!"

"లైట్లు ఆర్పమన్నది కెప్టెనే. పైకెళ్తే త్వరగా వెళ్లండి. చీకట్లో ఎవరూ మెట్ల మీంచి పడకుండా పది నిమిషాలు తలుపు మూసేస్తాం."

ఆమె వాణ్ణి తోసుకుని ఎక్కింది.

మెట్లు... ఇనుప మెట్లు... అరికాళ్లు మండిపోతున్నాయి.

డెక్కు!

అడుగు పెట్టీ పెట్టగానే టప్‌మని లైట్లు పోయాయి.

వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది!

చీకటి. కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. చుట్టూ సముద్రం గుర్రుమంటోంది. ఎక్కడెక్కడో నల్లటి ఆకారాలు. అందరి తలలూ ఆకాశంలోకి.

"అబ్బ! ఎన్ని చుక్కలో!" అంటోంది ఎవరో కొత్త పెళ్లికూతురు.

"లెక్కపెట్టు, పొద్దున అడుగుతా" అంటున్నాడు ఎవరో.

వీళ్లలో ఒకడి చేతిలో తుపాకీ ఉంది!

తన మనిషి ఏరీ?

పిలవాలి. ఏమని పిలవాలి? ఏవండీ అంటే తిరుగుతారు. తిరిగితే గుండు దిగుతుంది!

పేరు పెట్టి పిలిస్తే?

నోరు తెరిచింది. నాలుక తిరగలేదు. ఇరవై నాలుగేళ్లుగా ఆ పేరు ఫారాల మీద రాస్తోంది, నోటితో ఒక్కసారి పలికిన పాపాన పోలేదు. పలికినా ఆయన వెనక్కి తిరగరా? పెళ్లాం నోట తన పేరు వింటే బొంగరంలా తిరుగుతారు!

తిరక్కుండా ఆగాలి. అలాంటి పిలుపు కావాలి...

తట్టింది!

"హోల్డాన్!"

రెయిలింగ్ పక్కన నడుస్తున్న ఒక ఆకారం అడుగు మధ్యలో ఠక్కున ఆగిపోయింది. కుడికాలు నేలను గట్టిగా తొక్కింది.

బస్సులో కండక్టర్ హోల్డాన్ అన్నాడంటే కాలు బ్రేకు మీద పడాల్సిందే. తల మాత్రం వెనక్కి తిరగదు. కళ్లు రోడ్డు మీదే!

డ్రైవరుగారే!

ఆమె ఒక్క ఉరుకున వెళ్లి రెండు చేతులతో ఆయన మెడ వెనక పట్టేసింది.

"తిరక్కండి!"

"చచ్చాన్రా నాయనా! ఒక్కటే... ఒక్కటే కాల్చానే... అదీ సగమే!"

"సిగరెట్టు గొడవ కాదు! నోర్మూసుకుని వినండి!"

ఆమె గొంతు విని ఆయన సరదా కట్టిపెట్టారు.

"ఏమైందే?"

"ఇలాగే సముద్రంకేసి చూస్తూ నిలబడండి. ఎవరు పిలిచినా తిరక్కండి. ఆడగొంతు ఏవండీ అంటుంది... పలక్కండి. నా గొంతులాగే ఉన్నా సరే. నేనే పిలిచినా సరే! నా మీద ఒట్టు వేయండి!"

"నువ్వు పిలిస్తే తిరగొద్దా? ఇదేం విడ్డూరమే!"

"ఒట్టు!"

"సరే సరే... ఒట్టు. మెడ వదులు, గోళ్లు దిగుతున్నాయి."

ఆమె వదిలింది. తన మనిషి బతికినట్టే!

మరి మిగతావాళ్లు? పాపం, ఏ అమాయకుడు తిరుగుతాడో! ఆ చుక్కలు లెక్కపెట్టమన్న కుర్రాడే తిరిగితే?

అప్పుడు గాలి మారింది.

సెంటు వాసన... అదే ఘాటు!

దగ్గర్లోనే ఉంది. ఆ ఆడమనిషి పిలవకముందే నోరు నొక్కేస్తే ఎవరూ చావరు!

"కదలొద్దు" అని ఆయన వీపు మీద తట్టి, ఆమె చీకట్లోకి జారింది.

మూడు అడుగులు. ఐదు. ఎవరి భుజమో తగిలింది. "చూసి నడవండమ్మా!" ఎనిమిది. వాసన పెరుగుతోంది. పది...

ఎదురుగా పొడుగాటి ఆడ ఆకారం. గట్టిగా ఊపిరి తీసుకుంటోంది.

టైలరమ్మ చేయి చాచింది. ఆవిడ మణికట్టు దొరికింది...

ఆలస్యమైంది!

"ఏవండీ!"

డెక్కంతా ఒక్కసారి కదిలింది.

"ఆఁ?"

"ఏంటే?"

"ఇక్కడే ఉన్నా!"

"కళ్లజోడు నీ సంచిలోనే ఉంది, చూసుకో!"

తలలన్నీ గిర్రున తిరిగాయి. టైలరమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

ఒక సెకను... రెండు... మూడు...

పేలలేదు!

పక్కన ఒక బొంగురు మగగొంతు. విసుగ్గా. "ఏంటి? పిలిచావా?"

టైలరమ్మ చేతిలో ఉన్న మణికట్టు మంచుముక్క అయిపోయింది.

"మీరు..." ఆవిడ ఆ గొంతు వైపు వంగింది. "మీరు తిరిగారా?"

"పిలిచావుగా!"

"పదేళ్లుగా పిలుస్తున్నాను... పేపర్లోంచి తలెత్తలేదు... టీవీ ముందు నుంచి కదల్లేదు... నా పిలుపుకు ఒక్కనాడు తిరిగిన మొహం కాదు మీది! అందుకే... అందుకే కదా వాడికి ఆ గుర్తు చెప్పాను! ఇవాళ తిరిగారా?"

"ఏ గుర్తు? ఎవడికి?"

టైలరమ్మ చెవుల్లో ఫ్లష్ మళ్లీ భళ్లుమంది.

తిరిగినవాడు కాదు...

తిరగనివాడు!

మొగుళ్లందరూ తిరుగుతారు. తన మొగుడొక్కడే తిరగడు. అదీ ఆవిడ చెప్పిన ఆనవాలు! ఆ ఒక్క మాటా ఆ మోతలో తారుమారై చెవిన పడింది!

మరి ఇప్పుడు... ఈ డెక్కు మీద... తిరగనివాడెవడు?

చీకటికి అలవాటు పడ్డ కళ్లతో ఆమె రెయిలింగ్ వైపు చూసింది.

ఒకే ఒక్క వీపు. సముద్రంకేసి నిటారుగా నిలబడి ఉంది. బుద్ధిగా. తనే నిలబెట్టిన వీపు!

దాని వెనక ఒక సన్నటి ఆకారం తాపీగా నడిచి వస్తోంది. చేయి పైకి లేస్తోంది...

"ఏవండీ!"

గొంతు చిరిగిపోయేలా అరిచింది. పరుగెత్తింది. ఎవడో అడ్డం. తోసేసింది.

"ఏవండీ! తిరగండి! ఇటు తిరగండీ!"

మిగతా మగాళ్లందరూ మళ్లీ తిరిగారు.

ఆ వీపు తిరగలేదు.

"తిరగండీ! నేనే! మీకు దణ్ణం పెడతా, తిరగండీ!"

సముద్రంకేసి చూస్తూనే డ్రైవరుగారు చేయెత్తి ఊపారు. గొంతు నిండా నవ్వు.

"నువ్వు పిలిచినా తిరగొద్దన్నది నువ్వేగా! నన్నే పరీక్షిస్తున్నావా? ఈ జన్మకి తిర..."

ఢాం!